ఆరు సెకన్ల కోసం మా బిల్డింగ్ ఆపేశారు, ఇప్పుడేం చెయ్యాలి?

ఈ వారం ఉత్తరం రాసినావిడ పేరు వద్దన్నారు, ఊరు కూడా వద్దన్నారు, కాబట్టి విషయం మాత్రమే చెప్తాను. నాన్నగారు పోయాక ఊరి చివర స్థలం ముగ్గురు పిల్లలకీ కలిపి వచ్చింది: అన్నయ్య, ఈవిడ, చెల్లెలు. అమ్మగారు ఈవిడ దగ్గరే ఉంటారు. 60 ఫ్లాట్లు, కింద వరసగా షాపులు కట్టాలని అనుకున్నారు, షాపుల అద్దె అంతా అమ్మకే అని ముగ్గురూ మాట అనుకున్నారు కూడా. అప్లికేషన్ పెడితే ప్లానింగ్ ఆఫీస్ వాళ్ళు ట్రాఫిక్ స్టడీ చేయించమన్నారు. కన్సల్టెంట్ ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం దగ్గర్లో ఉన్న సిగ్నల్ జంక్షన్‌లో సాయంత్రం రద్దీ గంటలో ఒక్కో బండి సగటున 46 సెకన్లు ఆగుతోంది. ఎదురు స్థలంలో రెండేళ్ళ క్రితం అప్రూవల్ వచ్చి ఇంకా పునాది కూడా తియ్యని పెద్ద కాంప్లెక్స్ బళ్ళు కూడా కలిపితే 53. వీళ్ళ బిల్డింగ్ వల్ల ఆ గంటలో వచ్చే బళ్ళు 95 కలిపితే 59. అక్కడి రూల్ ప్రకారం 55 దాటకూడదు. ఆఫీస్ వాళ్ళేమో జంక్షన్‌లో మలుపు తిరిగే బళ్ళకి వేరే లేన్ మీ ఖర్చుతో వెయ్యండి, లేదంటే ప్రాజెక్ట్ తగ్గించుకురండి అన్నారట. అన్నయ్యేమో కోర్టుకి వెళ్దాం అంటాడు. చెల్లెలికి డబ్బు అవసరం ఉంది, ఒక బిల్డర్ తక్కువకి అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం అంటుంది. వీధిలో చిన్నప్పట్నుంచి తెలిసిన పిన్నిగారు ట్రాఫిక్ పేరు చెప్పి అందరి దగ్గరా సంతకాలు తీసుకుంటున్నారు. "వాళ్ళకి ఏడు సెకన్లు ఫ్రీగా ఇచ్చి మా ఆరు సెకన్లకి రోడ్డు వెయ్యమంటారా, ఇదెక్కడి న్యాయం, నేను ఎవరి మాట వినాలి" అని రాశారు.

అమ్మా, ముందు మీ కోపం గురించి. అది కరెక్టే. కానీ ఆ కోపం ఆఫీసులో కూర్చున్న మనిషి మీద కాదు, ఆ లెక్క తయారైన పద్ధతి మీద పెట్టుకుంటే మీకు పనికొస్తుంది, ఎందుకంటే పద్ధతిలో కదిలించగల చోట్లు చాలా ఉన్నాయి, మనిషిని కదిలించడం కష్టం.

ఆ 55 అనే నంబర్ రోడ్డు చెప్పింది కాదండి. సిగ్నల్ దగ్గర సగటు ఆలస్యాన్ని బట్టి ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తారు, లెవల్ ఆఫ్ సర్వీస్ అంటారు, మీ రిపోర్టులో పేజీ పేజీకీ కనిపించే ఉంటుంది. 10 సెకన్ల లోపు అయితే ఎ, 35 నుంచి 55 మధ్య డి, 55 నుంచి 80 దాకా ఇ, 80 దాటితే ఎఫ్. అమెరికాలో హైవే కెపాసిటీ మాన్యువల్ అని 1950లో మొదట వచ్చింది, ఈ గ్రేడ్లు 1965 ఎడిషన్‌లో పెట్టారు, తర్వాత చాలా దేశాలు అవే వాడటం మొదలుపెట్టాయి. ఆ పుస్తకం గ్రేడ్ ఎలా లెక్కపెట్టాలో చెప్తుంది. మా ఊరికి డి చాలు, ఇ వద్దు అనేది మాత్రం మీ కౌన్సిల్ కూర్చుని తీసుకున్న నిర్ణయం. అంటే 56వ సెకన్‌లో జంక్షన్ ఏమీ కూలిపోదు, మేం ఇంతకంటే ఎక్కువ ఆగం అని ఎప్పుడో ఒక మీటింగ్‌లో చెయ్యి ఎత్తారు అంతే. కొన్ని ఊళ్ళు టౌన్ మధ్యలో ఇ కూడా పర్లేదని కావాలనే రాసుకుంటాయి, అక్కడ బిల్డింగులు రావాలని వాళ్ళ కోరిక కాబట్టి.

ఇక ఎదుటివాళ్ళకి ఎందుకు ఫ్రీ, మీకెందుకు బిల్లు? వాళ్ళు ముందొచ్చారు, అంతకంటే ఏం లేదు. చాలా చోట్ల కెపాసిటీ, అంటే రోడ్డు మోయగలిగే బళ్ళ లెక్క, ఎవరు ముందు అడిగితే వాళ్ళకి రాసిపెడతారు, కట్టకపోయినా సరే ఆ ట్రిప్స్, అంటే వచ్చీపోయే బళ్ళు, వాళ్ళ ఖాతాలోనే ఉంటాయి. నిండిపోయిన బస్సులో చివర ఎక్కినవాణ్ణే కండక్టర్ దింపేస్తాడు చూడండి, మీ పరిస్థితి అదే, బరువు మాత్రం అందరిదీ. పైగా లెక్క కూడా చివరివాడికే వ్యతిరేకంగా ఉంటుంది. క్యూలకి సంబంధించి అన్నిటికంటే సులువైన లెక్కలో చూసినా కెపాసిటీలో 80 శాతం వాడకంలో ఉంటే క్యూలో సగటున 4 బళ్ళు ఉంటాయి, 90 అయితే 9, 95 అయితే 19. చివర్లో అయిదు శాతం పెరిగితే క్యూ రెండింతలు దాటిపోయింది. సిగ్నల్ దగ్గర లెక్క ఇంకొంచెం వేరు కానీ తీరు ఇదే. అందుకే ముందొచ్చినవాడి వంద బళ్ళు కనిపించవు, మీ వంద బళ్ళు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

కాబట్టి అన్నయ్యగారు లాయర్ దగ్గరకి వెళ్ళేలోపు మీరు ఆ రిపోర్ట్ పట్టుకుని కన్సల్టెంట్ దగ్గర ఓ గంట కూర్చోండి. నేను ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను, ఎందుకంటే అసలు గొడవంతా 53కీ 55కీ మధ్య ఉంది, అంత సన్నటి గీత మీద లెక్కలో చిన్న తేడా కూడా ఫలితాన్ని మార్చేస్తుంది.

మీ 95 బళ్ళు ఎక్కడివి అని అడగండి. అపార్ట్‌మెంట్లకి రద్దీ గంటలో ఫ్లాట్‌కి సుమారు అర ట్రిప్ వేస్తారు, అమెరికన్ ఇంజనీర్ల సంస్థ 2021లో తెచ్చిన ట్రిప్ జనరేషన్ మాన్యువల్‌లో రెండు మూడంతస్తుల అపార్ట్‌మెంట్లకి సాయంత్రం 0.51 అని ఉంది, కాస్త ఎత్తైనవాటికి ఇంకా తక్కువ, విడి ఇళ్ళకి మాత్రం దాదాపు ఒకటి. మీ ఫ్లాట్లు 60 అంటే 30 బళ్ళు. మిగతా 65 షాపులవి! అంటే మీరు ఇళ్ళు కడుతున్నాం అనుకుంటున్నారు, కాయితం మీద మాత్రం మీది ప్రధానంగా షాపుల ప్రాజెక్టు. ఇప్పుడు ఆ 65లో ఎన్ని నిజంగా కొత్త బళ్ళు? ఆఫీసు నుంచి ఇంటికి పోతూ దారిలో ఆగి ఏదో కొనుక్కెళ్ళే మనిషి ఆ జంక్షన్‌లో మీ షాపు లేకపోయినా ఉంటాడు కదా. వీటిని పాస్ బై ట్రిప్స్ అంటారు, మీ గేటు దగ్గర లెక్కలో ఉంచి జంక్షన్ లెక్కలోంచి తీసెయ్యాలి. అలాగే పైన ఫ్లాట్‌లోంచి దిగి కింద షాపుకి నడిచి వెళ్ళేవాళ్ళని కూడా తీసెయ్యాలి. ఈ రెండూ తీశారా లేదా? తీసేసి ఉంటే వాదన లేదు. తియ్యకపోతే మీ 59 అనేది 59 కాదు.

తర్వాత సిగ్నల్ టైమింగ్. రిపోర్టులో ఇప్పుడున్న టైమింగే పెట్టి లెక్కేశారా, కొత్త ట్రాఫిక్‌కి తగ్గట్టు మార్చి వేశారా? ఇది చాలామంది అడగరు. ఒక లేన్‌కి గ్రీన్ ఆగకుండా గంటంతా ఉంటే ఆదర్శ పరిస్థితుల్లో 1,900 కార్లు దాకా పోతాయని లెక్క, 100 సెకన్ల సైకిల్‌లో, అంటే సిగ్నల్ అన్నివైపులా ఒక చుట్టు తిరిగే టైమ్‌లో, 30 సెకన్లు గ్రీన్ ఉంటే 570. అదే 33 చేస్తే 627. మూడు సెకన్లకి గంటకి 57 బళ్ళు, ఒక్క ఇటుక పెట్టకుండా. అయితే ఆ మూడు సెకన్లు వేరేవైపు నుంచి లాక్కోవాలి, అటువైపు కూడా నిండి ఉంటే లాభం లేదు, అందుకే చేసి చూడాలి తప్ప ఊహించి లాభం లేదు. టైమింగ్ మార్పుకి అయ్యే ఖర్చు లేన్ ఖర్చుతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు, దాన్ని మీరు భరిస్తాం అని ఆఫర్ చెయ్యొచ్చు.

జంక్షన్‌లో బళ్ళ కౌంట్ ఏ రోజు తీశారో కూడా చూడండి, పక్క రోడ్డు ఏదైనా మూసి ఉన్న వారంలో తీస్తే ఆ బళ్ళన్నీ మీ జంక్షన్‌లోకి వచ్చుంటాయి. ఇంకోటి, ఎదుటి కాంప్లెక్స్ అప్రూవల్‌కి గడువు ఎప్పుడు? అప్రూవల్స్ శాశ్వతంగా ఉండవు, సాధారణంగా ఒక తేదీలోపు పని మొదలెట్టాలి. వాళ్ళ గడువు దగ్గర్లోనే ఉండి పొడిగింపు అడగకపోతే ఆ ఏడు సెకన్లు మళ్ళీ ఖాళీ అవుతాయి, అప్పుడు 46 మీద మీ ఆరు వేస్తే 52కి అటూ ఇటూ, గొడవే లేదు. పొడిగింపు అడిగితే ఆ టైమ్‌లో మీరు రాతపూర్వకంగా ఒక మాట చెప్పొచ్చు, కట్టని బిల్డింగ్ కోసం కెపాసిటీ పట్టి ఉంచడం వల్ల కట్టేవాళ్ళు ఆగిపోతున్నారు అని. ఇది కక్ష కాదు, ఆ ఫైల్‌లో ఉండాల్సిన విషయమే.

ఇవన్నీ చూశాక కూడా 55 దాటుతుంది అనుకుందాం. అప్పుడు మీ ముందు కొన్ని దారులు ఉంటాయి, ఏదీ ఫ్రీ కాదు.

ఒకటి, షాపులు ఇప్పటికి పక్కన పెట్టి ఫ్లాట్లకి మాత్రం అప్రూవల్ తెచ్చుకోవడం. మీకున్న ఖాళీ రెండు సెకన్లు, మీ ఆరులో మూడో వంతు, మీ ఫ్లాట్ల బళ్ళు కూడా 95లో దాదాపు మూడో వంతే, పైన చెప్పినట్టు మొదటి బళ్ళ ప్రభావం చివరి బళ్ళ కంటే తక్కువ కాబట్టి ఇది పట్టే అవకాశం గట్టిగా ఉంది. మళ్ళీ లెక్క రన్ చేయిస్తేనే తేలుతుంది, నా మాట పట్టుకుని ప్లాన్ మార్చెయ్యకండి. దీని దెబ్బ అమ్మగారి మీద పడుతుంది, అది మీకు తెలుసు, ఉత్తరంలో షాపుల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ అమ్మ ప్రస్తావన వచ్చింది. కింద రెండు మూడు చిన్న ఫ్లాట్లు అమ్మ పేరు మీద అద్దెకిస్తే షాపులంత రాదు, కానీ వస్తుంది, ముఖ్యంగా త్వరగా వస్తుంది. షాపులు రెండో దశ అని అప్లికేషన్‌లోనే రాసుకుని, జంక్షన్ బాగుపడ్డాక అని షరతు పెట్టుకోవచ్చు. ఆ షరతు కాయితం మీద ఉన్నాక మధ్యలో ఎవరో బంధువు వచ్చి ఒక్క షట్టర్ తెరుచుకుంటా అంటే మాత్రం ఒప్పుకోకండి, మొత్తం అప్రూవల్‌కే ఎసరు వస్తుంది.

రెండోది, లేన్ ఖర్చులో మీ వాటా మాత్రమే ఇస్తాం అనడం. ఈ వాదనకి బలం ఉంది. అమెరికా సుప్రీం కోర్టు 1994లో డోలన్ కేసులో ఏమంది అంటే అనుమతి ఇవ్వడానికి ప్రభుత్వం అడిగేది ఆ ప్రాజెక్ట్ వల్ల కలిగే ప్రభావానికి సుమారుగా అయినా తగినట్టు ఉండాలి అని. 2024లో షీట్జ్ కేసు ఇంకా మీకు దగ్గరగా ఉంటుంది, సొంత స్థలంలో ఒక చిన్న ఇల్లు పెట్టుకోవడానికి అక్కడి కౌంటీ, అంటే జిల్లా ప్రభుత్వం లాంటిది, ట్రాఫిక్ ఫీజు కింద 23,420 డాలర్లు కట్టించుకుంది, చట్టసభ అందరికీ కలిపి పెట్టిన ఫీజు అయినంత మాత్రాన ఆ తగినట్టు ఉండాలన్న పరీక్ష నుంచి తప్పించుకోలేదు అని జడ్జిలందరూ ఏకగ్రీవంగా అన్నారు. ఇంగ్లండ్‌లో కూడా కట్టేవాళ్ళ చేత ఇలా ఖర్చు పెట్టించే ఒప్పందాలు అవసరమైనవై ఉండాలి, ఆ అభివృద్ధికి నేరుగా సంబంధం ఉండాలి, దాని సైజుకి తగ్గట్టు ఉండాలి అని 2010 నుంచి రెగ్యులేషన్ ఉంది. మీ దగ్గర చట్టం వేరుగా ఉండొచ్చు, అది లాయర్ చెప్పాలి, కానీ ప్రశ్న అదే: జంక్షన్‌లో పోయే మొత్తం బళ్ళలో మావి ఎన్ని, బిల్లులో మాది ఎంత? చిక్కేంటంటే మీ వాటా డబ్బు తీసుకుని మిగతాది ఎవరూ వెయ్యకపోతే లేన్ రాదు, అప్పుడు ఆఫీస్ వాళ్ళు డబ్బు ఉంది కానీ కెపాసిటీ లేదు అంటారు. అందుకని వాటా ఇస్తే లేన్ కోసం ఆగకుండా అప్రూవల్ వస్తుందా అనేది ముందే రాయించుకోవాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో రూల్ ఏంటంటే రోడ్డు ఇప్పుడే ఉండక్కర్లేదు, ఆరేళ్ళలోపు అయ్యేలా డబ్బు కమిట్‌మెంట్ ఉంటే చాలు. మీ దగ్గర ఇలాంటి వెసులుబాటు ఉందేమో అడగండి.

మూడోది, లేన్ మొత్తం మీరే వేసి తర్వాత వచ్చేవాళ్ళ నుంచి రాబట్టుకునే ఒప్పందం. కొన్ని చోట్ల ఇది ఉంటుంది. కాయితం మీద బాగుంటుంది, కానీ ఎదుటి కాంప్లెక్స్ వాళ్ళకి అప్రూవల్ ముందే వచ్చేసింది కాబట్టి వాళ్ళు ఇందులోకి రారు, మిగిలిన స్థలాల వాళ్ళు ఎప్పుడు కడతారో తెలీదు, అప్పు చేసి లేన్ వేసి ఎదురు చూడటం మీ ముగ్గురి పరిస్థితికి నాకు నచ్చలేదు.

కోర్టు సంగతి. అన్నయ్యగారి పౌరుషం అర్థమైంది. అయితే ఇలాంటి కేసు గెలిచినా చాలాసార్లు కోర్టు అప్రూవల్ చేతిలో పెట్టదు, మళ్ళీ సరిగ్గా పరిశీలించండి అని అదే ఆఫీస్‌కి వెనక్కి పంపుతుంది. అప్పటికి మీ ట్రాఫిక్ కౌంట్ పాతబడి కొత్తది తియ్యమంటారు, ఈలోపు ఊరు పెరిగి 46 కాస్తా 49 అయ్యుంటుంది. ఇంగ్లండ్‌లో అయితే 2012లో వచ్చిన జాతీయ ప్లానింగ్ విధానంలోనే సర్దుబాట్లన్నీ చేశాక కూడా మిగిలిపోయే ప్రభావం తీవ్రంగా ఉంటే తప్ప రవాణా కారణంతో తిరస్కరించకూడదు అని రాశారు, అలాంటి చోట నాలుగు సెకన్లు తీవ్రం ఎలా అవుతుంది అని అడగొచ్చు. గీత దాటితే కుదరదు అని చట్టమే చెప్పే చోట ఆ వాదన నిలబడదు. మీ చట్టం ఏ రకమో తెలియకుండా కేసు వెయ్యొద్దని అన్నయ్యగారికి చెప్పండి, వెయ్యొద్దని మాత్రం చెప్పకండి, అంటే రెండింతలు పట్టుదల వస్తుంది.

ఆగుదాం అంటారా, ఆగడం కూడా ఒక దారే. రూల్స్ మారుతుంటాయి. ఫ్లోరిడాలో 1985లో చట్టం తెచ్చారు, రోడ్డు కెపాసిటీ లేకపోతే కొత్త నిర్మాణం లేదు అని. వినడానికి సబబే. జరిగిందేంటంటే ఊళ్ళో రోడ్లు నిండి ఉంటాయి, ఊరి బయట ఖాళీగా ఉంటాయి, కాబట్టి కట్టేవాళ్ళు బయటకి పోవడమే తేలికైంది, అక్కడున్నవాళ్ళు ప్రతి పనికీ కారేసుకుని మళ్ళీ ఊళ్ళోకే రావాలి. చివరికి 2011లో రోడ్ల విషయంలో ఆ షరతు తప్పనిసరి కాదు, ఊళ్ళ ఇష్టం అన్నారు. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2020 జూలై నుంచి రాష్ట్రమంతా పర్యావరణ సమీక్షలో ఈ ఆలస్యం లెక్కని పక్కన పెట్టి జనం మొత్తం ఎన్ని మైళ్ళు బండి నడుపుతారు అనేది చూడమంది. మీ ఊళ్ళో అలాంటి చర్చ నడుస్తుంటే ఆగడం లాభం, లేకపోతే చెల్లెలికి అంత ఆగే వీలు లేదు.

చెల్లెలి సంగతి నిజానికి ట్రాఫిక్ కంటే తొందరది. బిల్డర్ తక్కువ ఎందుకు అడుగుతున్నాడో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, ఈ తిరస్కారం అతనికి డిస్కౌంట్, అతను నాలుగేళ్ళు ఆగగలడు, లేన్ ఖర్చు నాలుగు ప్రాజెక్టుల మీద పంచుకోగలడు. అమ్మాలి అనే అనుకుంటే ఇప్పుడొక ధర, ఇన్ని ఫ్లాట్లకి అప్రూవల్ వస్తే ఇంకొంత అని షరతుతో అమ్మొచ్చు, అతను ఒప్పుకోకపోతే అప్రూవల్ వస్తుందని అతనికి నమ్మకం ఉన్నట్టే. లేదంటే మీరూ అన్నయ్యా కలిసి చెల్లెలికి కొంత ఇప్పుడిచ్చి ఆమె వాటా మీద మిగతాది అప్రూవల్ రోజున అని రాసుకోండి. ఆమెని స్వార్థం అని ఇంట్లో ఎవరో అన్నారని రాశారు, అవసరం ఉన్న మనిషికి ఆ మాట చాలా దూరం వెళ్తుంది.

పిన్నిగారి దగ్గరకి మీరు ఒక్కరే వెళ్ళండి, రిపోర్ట్ తీసుకెళ్ళకండి. పిల్లలు స్కూల్‌కి నడిచే రోడ్డు అని ఆవిడ అంటున్నారని మీరే రాశారు కదా, అది సెకన్ల సంగతి కాదు, దాటడం సంగతి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది: లెవల్ ఆఫ్ సర్వీస్ లెక్క బండిలో కూర్చున్నవాడి ఆలస్యాన్నే చూస్తోంది, మీరు ఆ టర్నింగ్ లేన్ వేస్తే గ్రేడ్ డి లోకి వస్తుంది కానీ పిల్లలు దాటాల్సిన రోడ్డు ఒక లేన్ వెడల్పు పెరుగుతుంది. అంటే పిన్నిగారి సంతకాలు గెలిస్తే ఆవిడ భయపడేదే జరిగే అవకాశం ఉంది! ఇది ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. లేన్ బదులు చిన్న ప్రాజెక్ట్, సిగ్నల్ టైమింగ్, నడిచేవాళ్ళకి కాస్త ఎక్కువ టైమ్, ఫుట్‌పాత్ మా ఖర్చు అంటే ఆవిడ మీ పక్కన నిలబడతారని నేను అనను, ఎదురుగా నిలబడటం మానెయ్యొచ్చు. నడిచేవాళ్ళకి టైమ్ పెంచితే బళ్ళ గ్రీన్‌లో కొంత పోతుంది, రెండూ ఒకేసారి కన్సల్టెంట్ చేత రన్ చేయించాకే మాట ఇవ్వండి. ఆవిడకి అసలు అపార్ట్‌మెంట్లే ఇష్టం లేకపోతే ఇవేవీ పనిచెయ్యవు, ట్రాఫిక్ అనేది నంబర్ ఉన్న అభ్యంతరం కాబట్టి వేరే అభ్యంతరాలన్నీ దాని చాటునే నిలబడతాయి, ఏదో తెలుసుకోవడానికైనా వెళ్ళండి.

ఎవరి మాట వినాలి అని అడిగారు. ముగ్గురూ తలా ఒక సమాధానం చెప్తున్నారు కానీ షాపులు లేకుండా ఎంత వస్తుంది అనే ప్రశ్న ఎవరూ అడగలేదు, అది కన్సల్టెంట్‌కి పెద్ద పని కాదు, మోడల్ అతని దగ్గరే ఉంది. పాస్ బై తీసి ఒకటి, టైమింగ్ మార్చి ఒకటి, షాపులు తీసి ఒకటి, ఎదుటివాళ్ళ ట్రిప్స్ లేకుండా ఒకటి, నాలుగు రకాలుగా రన్ చేసి నంబర్లు కాయితం మీద ఇమ్మనండి. ఆ కాయితం వచ్చేదాకా బిల్డర్ దగ్గర అడ్వాన్స్ తీసుకోవద్దని చెల్లెలికి, వకాలత్ మీద సంతకం పెట్టొద్దని అన్నయ్యకి చెప్పి, ఆఫీస్‌లో అపీల్ గడువు ఏ తేదీ అనేది మాత్రం రేపే కనుక్కోండి, ఈ రన్‌ల గొడవలో పడి అది దాటిపోతే మిగతావన్నీ ఉన్నా లాభం ఉండదు.